బస్సు వరసలో రాసిన లిస్టు

దెయ్యాల మాట ఎవరైనా ఎత్తితే నాకు మొదట నవ్వొస్తుంది, ఆ తరవాత చిరాకొస్తుంది. చోడవరంలో ఒక జూనియర్ కాలేజీలో ఇరవయ్యేళ్ల పైనుంచి ఫిజిక్సు చెబుతున్నాను. ఒకసారి మా ల్యాబ్‌లో లైటు దానంతటదే ఆరి వెలుగుతోందని ఆడపిల్లలు కెవ్వుమంటూ బయటికి పరుగెత్తారు. నేను స్టూలెక్కి బల్బు బిగించి, ఆ రోజు పాఠం లూజు కనెక్షన్ల మీదే చెప్పాను.

ఇప్పటికీ నేను అదే మనిషిని. అందుకే ఈ సంగతి రాయడానికి ఇన్నాళ్లు వెనకాడాను. ఒక్క మాట ముందే చెప్పేస్తాను, ఇందులో భయపడ్డది నేనొక్కదాన్నే. మిగతా వాళ్లంతా హాయిగా నవ్వుకున్నారు.

ముందు మా ఆదివారం బల్ల గురించి చెప్పాలి. ఇంట్లో మొట్టమొదటిసారిగా కాలేజీ గడప తొక్కుతున్న పిల్లల కోసం నేనూ, జువాలజీ చెప్పే వరలక్ష్మీ కలిసి మొదలుపెట్టిన పని అది. పేరు పెట్టడం చేతకాక, కాలేజీ వరండాలో పొడుగాటి బల్ల వేసుకుని ఆదివారాలు కూర్చుంటాం కాబట్టి ఆదివారం బల్ల అన్నాం. ఆదాయం సర్టిఫికెట్ ఎక్కడ తేవాలి, హాస్టల్‌కి ఎప్పుడు అప్లై చెయ్యాలి, కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు ఎలా పెట్టాలి, ఇవే మా దగ్గరికొచ్చే ప్రశ్నలు. చుట్టుపక్కల ఊళ్లనించి పిల్లలు షేర్ ఆటోల్లో దిగుతారు. వాళ్ల వెనకాల అమ్మానాన్నలు, చేతిలో ప్లాస్టిక్ కవరు, కవర్లో సర్టిఫికెట్లన్నీ.

బల్ల దగ్గర మాకో పద్ధతుంది. ఆప్షన్లు కంప్యూటర్లో కొట్టకముందు తెల్ల కాగితం మీద పెన్సిల్‌తో రాయాలి. పెన్సిలైతే చెరుపుకోవచ్చు, భయముండదు. కింద పిల్ల సంతకం, మాలో ఒకరి సంతకం. రెండు సంతకాలు పడ్డాకే నెట్ సెంటర్‌కి వెళ్లాలి. ఒక జిరాక్స్ కాపీ మా ఫైల్లో ఉంటుంది. ఈ పద్ధతి కనిపెట్టింది నేనే. దాన్ని చూసుకుని కొంచెం గర్వం కూడా ఉండేది.

రావికమతం దగ్గర ఒక పల్లె నుంచి వచ్చింది రత్నం. అసలు పేరు నూకరత్నం. వాళ్ల నాన్నకి కొంచెం చెరుకు, కొంచెం వరి. ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి ఆ పిల్లే. ఇంజనీరింగ్ ఎంట్రన్స్‌లో మంచి ర్యాంకు తెచ్చుకుంది. విశాఖలో యూనివర్సిటీ కాలేజీలో చదవాలని కోరిక. ఆ కోరిక మాత్రం గట్టిగా చెప్పదు, అడిగితే బల్ల మీద గీతలు చూస్తూ గొణుగుతుంది. ఆ ర్యాంకుకి ఆ సీటు వచ్చి తీరుతుంది.

ఆ ఆదివారం బల్ల చుట్టూ జాతరే. రత్నం లిస్టు నా ముందుకొచ్చింది. చూశాను. తొమ్మిది కాలేజీలు వరసగా ఉన్నాయి. ఎక్కడా తప్పు కనిపించలేదు. సంతకం పెట్టేశాను.

ఆప్షన్లు మార్చుకోడానికి ఆఖరి రోజు ఇంకో నాలుగు రోజులకి వచ్చింది. సాయంత్రంతో గడువు సరి. సరిగ్గా అదే రోజు మా కాలేజీకి పై అధికారుల తనిఖీ. మధ్యాహ్నం ఒకటిన్నరకి క్యారేజీ విప్పబోతూ, ఎందుకో ఫైలు తిరగేశాను. రత్నం కాగితం దగ్గర చెయ్యి ఆగిపోయింది.

వాళ్ల ఊరి బస్సెక్కితే చోడవరం దాటాక మొదట తగిలే కాలేజీ ఒకటో నంబరు. ఆ తరవాత తగిలేది రెండు. అలా స్టాపు తరవాత స్టాపు, కండక్టరు పిలిచే వరసలో రాసుకుంటూ పోయింది. రత్నం కోరుకున్న విశాఖ కాలేజీ తొమ్మిదో నంబరు, అన్నిటికన్నా ఆఖరున.

తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను. కంప్యూటరు ఆ లిస్టుని పైనుంచి చూసుకుంటూ వస్తుంది. ర్యాంకుకి ఎక్కడ మొదట సీటు దొరికితే అక్కడ ఇచ్చేసి ఆగిపోతుంది. కింద ఎంత మంచి కాలేజీ ఉన్నా దాని జోలికి పోదు. రత్నం ర్యాంకుకి ఒకటో నంబరు కాలేజీ కళ్లు మూసుకుని సీటిస్తుంది. ఆ పిల్ల కల అక్కడితో సరి. ఆ లిస్టు కింద నా సంతకం.

క్యారేజీ మూత మళ్లీ పెట్టేశాను. వాళ్లింట్లో ఉన్నది ఒక్కటే ఫోను, వాళ్ల నాన్నది. స్విచాఫ్. ఆప్షన్లు నేను మార్చడానికి లేదు, ఓటీపీ ఆ ఫోనుకే వస్తుంది. ప్రిన్సిపాల్ గారిని బతిమాలాను. అధికారులు గేటు దగ్గరికి వచ్చేశారు, ఈ పూట ఎవరూ కదలకూడదు అన్నారు. రెండింటినించి ల్యాబ్‌లో నిలబడి వాళ్లకి తీగ మీటి శబ్దం కొలిచే సోనోమీటరు చూపిస్తూ ఉండిపోయాను. ఏం చెప్పానో ఇప్పటికీ గుర్తు లేదు. తడుముకోకుండా బాగా చెప్పానని వరలక్ష్మి అంటుంది. నాకు గుర్తున్నది ఒక్కటే, ఒక్క గంట రత్నం వాళ్ల ఊళ్లో ఉంటే చాలు దేవుడా అని అనుకోవడం. దేవుడా అన్నానని కూడా ఇక్కడ ఒప్పుకుంటున్నాను.

రెండూ నలభైకి వరండాలో గ్రూపు ఫోటో తీశారు.

ఐదింటికి వదిలారు. స్టాఫ్ రూములో మూల నిలబెట్టిన నా ఊదారంగు గొడుగు తీస్తే తడిగా ఉంది. చోడవరంలో అప్పటికి మబ్బు పట్టిందే కానీ ఒక్క చినుకు పడలేదు. ఎవరో పట్టుకెళ్లి కుళాయి దగ్గర పెట్టుంటారు అనుకుని స్కూటీ తీశాను.

రావికమతంలో వాన కురిసి వెలిసినట్టుంది, రోడ్డంతా బురద. నెట్ సెంటర్ పక్కన టీ కొట్టు రేకు కింద రత్నం, వాళ్ల నాన్న నిలబడి టీ తాగుతున్నారు. నన్ను చూసి ఆయన గ్లాసు పక్కన పెట్టేశాడు. రత్నం ముఖమంతా నవ్వే.

"మేడమ్, మల్లీ ఎందుకొచ్చేరు? మీరు సెప్పినట్టే విశాఖ కాలేజీ పైకి ఎట్టేసేం కదా!"

వరలక్ష్మి ఎవరినో పంపించి ఉంటుంది అనుకున్నాను. ఎవరు చెప్పారని అడిగాను. తండ్రీ కూతుళ్లు ముఖముఖాలు చూసుకున్నారు.

"అదేటి మేడమ్, మీరే కదా! రెండింటికి గొడుగేసుకుని వొచ్చేరు. మూడింటికి ఎల్లేరు. నాను పొలం పరిగెత్తి నాన్నని లాక్కొచ్చేను."

వాళ్ల నాన్న తల గోక్కున్నాడు. "తప్పు నాదేనండి. ముందొచ్చే కాలేజీ ముందు రాయాల గదాని నానే సెప్పేను. బస్సు అలాగే కదండీ ఎల్తాది."

ఆ పిల్ల కవర్లోంచి పెన్సిల్ కాగితం తీసి చూపించింది. పాత నంబర్లు చెరిపేసి కొత్తవి వేసి ఉన్నాయి. విశాఖ కాలేజీ పక్కన ఒకటి. ఏడు అంకెకి నడుం మీద అడ్డగీత ఉంది. నా క్లాసులో పిల్లలు వెక్కిరించే అడ్డగీత అది. చోడవరంలో ఏడుకి నడుం కట్టేది నేనొక్కదాన్నే అని వాళ్ల జోకు.

టీ తాగి, రసీదు ప్రింటులో వరస ఇంకొకసారి సరిచూసి, ఇంటికొచ్చేశాను. ఇంకో విడ్డూరం ఇంటికొచ్చాక తెలిసింది. క్యారేజీ కడుగుదామని తీస్తే అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది. పొద్దున్న టిఫిను తరవాత ఆ టీ తప్ప నేను ఏమీ తినలేదు. అయినా కడుపు నిండుగా ఉంది, పడుకునేదాకా ఆకలే వెయ్యలేదు.

మర్నాడు నేను ఊరుకోలేదు. అటెండరుని అడిగితే గొడుగు ఎవరూ ముట్టుకోలేదన్నాడు. ఫోటో తెప్పించి చూశాను. రెండో వరసలో ఎడమ నుంచి మూడో మనిషిని నేనే. అందరూ కెమెరా వైపు చూస్తున్నారు. నేను మాత్రం కళ్లు మూసుకుని ఉన్నాను. ఫోటో తీసేటప్పుడు కనురెప్ప పడటం మామూలే, దాన్ని పెద్ద సాక్ష్యంగా చెప్పడం లేదు. కానీ ఆ టైములో నేను చోడవరంలో ఉన్నానని సాక్షులు చాలామంది ఉన్నారు. ఒక్క మనిషి ఒకేసారి రెండు చోట్ల ఉండలేదు కదా.

వారం తిరక్కుండానే సీట్లు ఇచ్చారు. రత్నానికి విశాఖలో యూనివర్సిటీ కాలేజీ. ఫోన్లో ఆ పిల్ల ఏం చెబుతోందో ఒక్క ముక్క అర్థం కాలేదు, వెనకాల అంత గోల. మా స్టాఫ్ రూములో నేను కుర్చీలోంచి లేచి ఎగిరాను. నా వయసుకి అది తగదని వరలక్ష్మి అంటూనే తనూ ఎగిరింది.

వాళ్లు భోజనానికి పిలిస్తే మాడుగుల హల్వా కట్టించుకుని ఇద్దరం వెళ్లాం. ఆ ఇంటికి వెళ్లడం నాకు అదే మొదటిసారి. గుమ్మంలో రత్నం వాళ్ల మామ్మ కూర్చునుంది. ఆవిడకి నేనెవరో చెప్పాల్సిన పని పడలేదు.

"రాయే తల్లీ! ఏలా నిలబడిపోనావు? ఆ రోజు సొంత ఇల్లులాగ సక్కా లోపలికొచ్చి కూకున్నావు గదా."

మామ్మా, ఆ వచ్చింది నేను కాదు అన్నాను. ఆవిడ పకపకా నవ్వింది.

"అబద్దాలాడకు. సోడంబలి రెండు గలాసులు తాగేవు. మూడోది పోస్తే సెయ్యి అడ్డెట్టేవు. మీ అమ్మ సేసినట్టే ఉందన్నావు."

ఇల్లంతా నవ్వులు. మేడమ్ గారు రెండు గ్లాసులు లాగించారని పిల్లలు కూడా మొదలెట్టారు. వరలక్ష్మి నా వైపు అదోలా చూసింది. మా అమ్మ పోయాక నేను చోడంబలి, అదే రాగంబలి, ముట్టలేదని దానికి తెలుసు.

భోజనాలయ్యాక మామ్మ నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. ఈసారి నవ్వలేదు.

"మా రత్నం గుంట కోసరం వానలో ఇంత దూరం ఎందుకొచ్చేవమ్మా అని ఆ రోజు అడిగేను, గురుతుందా? 'నా లిస్టు కూడా బస్సు వరసలోనే రాసేను మామ్మా, నాకు సెప్పడానికి ఎవరూ రాలేదు, అందుకే వొచ్చేను' అన్నావు. నాకు ఏడుపొచ్చీసింది."

ఆవిడ చెప్పిన లిస్టు నాదే.

మా నాన్న షుగర్ ఫ్యాక్టరీకి చెరుకు బండి తోలేవాడు. నాకు డిగ్రీకి విశాఖలో పెద్ద కాలేజీలో సీటొచ్చే మార్కులున్నాయి. అప్లికేషన్లో కాలేజీల పేర్లు వరసగా రాయమంటే, మా నాన్న బస్సు ఆగే వరసలో చెప్పుకుంటూ పోయాడు. నేను రాసుకుంటూ పోయాను. మొదటి దాన్లోనే సీటిచ్చారు, అక్కడే చదివాను. దానివల్ల నా బతుకేమీ పాడవలేదు. కానీ ఆ పెద్ద కాలేజీ గేటు ముందునించి బస్సు వెళ్లేటప్పుడు ఇప్పటికీ తల తిప్పుకుంటాను. ఈ సంగతి మా ఆయనకి కూడా చెప్పలేదు. రత్నం లిస్టు మొదటిసారి చూసినప్పుడు తప్పు ఎందుకు కనిపించలేదో అప్పుడు అర్థమైంది. ఆ వరస నా చేతికి అలవాటైనదే.

వస్తూ వస్తూ దారిలో స్కూటీ ఆపి వరలక్ష్మికి అంతా చెప్పాను. కాసేపు ఏడ్చాను, తరవాత ఎందుకో తెగ నవ్వొచ్చింది. ఇద్దరం కవరులో మిగిలిన హల్వా రోడ్డు పక్కన నిలబడే పూర్తి చేశాం. చాలా ఏళ్లుగా మోస్తున్నది ఏదో దిగిపోయినట్టనిపించింది.

రత్నం ఇప్పుడు రెండో సంవత్సరం. సెలవులకి వస్తే ఆదివారం బల్ల దగ్గర నా పక్క కుర్చీ దానిదే. గొణుగుడు పోయింది. లిస్టు చేతిలోకి తీసుకోగానే "బస్సు వరసలో రాసేవేటే?" అని బల్ల అదిరేలా అడుగుతుంది. పిల్లలు నాకన్నా దానికే ఎక్కువ భయపడుతున్నారు.

ఆ రోజు వాళ్లింటికి వెళ్లింది ఎవరు? నేను ఎన్ని రకాలుగా ఆలోచించినా లెక్క తేలలేదు. నాలాంటి మనిషి ఎవరో వచ్చిందందామా అంటే, నా అంకె ఎలా వేసింది? నేను ఎవరికీ చెప్పని మాట ఎలా చెప్పింది? దెయ్యమందామా అంటే నేను బతికే ఉన్నాను. ఫిజిక్సులో దీనికి చాప్టరు లేదు. తెలియదని రాయడం తప్ప నాకు దారి లేదు.

ఈ ఏడాది గడువు ఆఖరి రోజున, లిస్టులో తప్పు దొరికిన ఒక మాడుగుల వైపు పిల్ల ఫోను ఎంతకీ కలవలేదు. క్యారేజీ విప్పకముందు స్టాఫ్ రూము మూలకి వెళ్లి, ఎవరూ చూడకుండా గొడుగు మీద చెయ్యి వేసి చూశాను.

పొడిగా ఉంది. అయితే ఈసారి నేనే వెళ్లాలన్నమాట అనుకుని, ప్రిన్సిపాల్ గారికి చెప్పి స్కూటీ తీశాను.