వాన పడలేదన్న కబురు

ఆ రోజు పొద్దున కూడా ఎప్పట్లాగే సార్‌కు ఫోన్ చేసి, ఎత్తగానే "సార్, బోధన్‌ల ఏం పడలె" అన్నాను. అవతల సార్ పక్కింటి అక్క గొంతు వినబడింది. "సారు లేడు బిడ్డా. నిద్రలనే పానం పోయింది" అంది. నేను వెంటనే నిజామాబాద్ బస్సెక్కాను.

డిగ్రీలో మాకు స్టాటిస్టిక్స్ చెప్పిన సార్ ఆయన. రిటైరయ్యాక నిజామాబాద్‌లో రెండు గదుల అద్దె ఇంట్లో ఒక్కరే ఉండేవారు. నేను బోధన్‌లో పాఠాలు చెప్పుకుంటున్నాను. మా ఇద్దరినీ చివరిదాకా కలిపి ఉంచింది వాన. అందులోనూ పడిన వానకంటే పడని వానే ఎక్కువ.

ఫోన్‌లో మనం చూసే వాతావరణ అంచనాను ఎక్కడో ఒక పెద్ద కంప్యూటర్ లెక్కగడుతుంది. అది నేలను పెద్ద పెద్ద గళ్లుగా కోసుకుని ఒక్కో గడికి ఒక్కో జవాబు చెబుతుంది. సిరికొండ గుట్టలూ, వాటి కింది పొలాలూ దానికి ఒకటే. నిజాంసాగర్ కాలువ నీళ్లతో తడిసిన మా చెరుకు నేలల చల్లదనం దానికి పట్టదు. అందుకే మా దగ్గర ఎండ ఎక్కువ చెబుతుంది, గుట్టల మీద వాన తక్కువ చెబుతుంది. అందరూ దాన్ని తిట్టుకుంటారు. సార్ మాత్రం అది చెప్పినదాన్నీ, నిజంగా జరిగినదాన్నీ ఏళ్ల తరబడి పక్కపక్కన పెట్టి చూశారు. "తప్పు రోజూ ఒక్క దిక్కే పోతున్నదంటే అది తప్పు గాదు బిడ్డా, అలవాటు. అలవాటు తెలిస్తే దిద్దుకోవచ్చు" అనేవారు. అలా దిద్దిన అంచనాను, అడిగిన రైతులకు సాయంత్రం ఫోన్‌లో చెప్పేవారు.

ఒకటే షరతు. అడిగినవాళ్లు తెల్లారి ఫోన్ చేసి ఏం జరిగిందో చెప్పాలి. వాన పడితే ఎవరైనా చెబుతారు, పడకపోయినా చెప్పాలి. "పడ్డప్పుడే చెప్పి, పడనప్పుడు ఊకుంటే మన లెక్క రోజూ వానలే అనుకుంటది. ఏం గాలేదన్నది గూడ కబురే" అని కోప్పడేవారు.

ఇందల్వాయి దగ్గర పసుపు పండించే ఒక అవ్వ ఉంది. ఆమెతో సార్‌కు రోజూ తగువే. ఒకసారి నేను అక్కడ ఉండగానే ఫోన్ చేసింది. ఉడికించిన పసుపు కల్లంలో ఆరబోసి ఉంది, తడిస్తే రంగు పోతుంది.

"పడ్తదా, పడదా? ఒక్కటి జెప్పు సారూ."

"గిసుంటి మబ్బు పదిసార్లు వస్తే మూడుసార్లు పడ్డది అవ్వా. పసుపు నీది, కప్పుతవో లేదో నీ ఇష్టం."

"గా మూడుల నేనున్ననా, ఏడుల ఉన్ననా?"

నాకు నవ్వొచ్చింది, సార్‌కు రాలేదు. "గది నాకు తెల్వదు అవ్వా" అన్నారు. అంత చదివిన మనిషి ఆ మాట అంత సులువుగా అనడం నేను ఇంకెక్కడా వినలేదు. తెల్లారి, నేనింకా అక్కడ ఉండగానే, మళ్లీ ఆమే ఫోన్ చేసి, "సుక్క వడలె! పరదాలు కప్పి కప్పి నడుములు వడిపోయినయ్. నీ లెక్కల పాడుగాను!" అంది. సార్ ఆ తిట్టును పక్కన పెట్టి, వాన పడలేదన్నది లెక్కలో వేసుకుని, "మంచిగ చెప్పినవ్ అవ్వా" అన్నారు.

పొద్దుటి ఫోన్లను సార్ తొందరగా ముగించేవారు కాదు. మబ్బుందా, గాలి ఎటునుంచి అని అడిగి, కాస్త ఆగి, "ఏం కూర వండుతున్నవ్?" అనేవారు. ఆ జవాబు వేసుకోవడానికి ఆయన లెక్కలో ఏ గడీ లేదు. నాకది చాలా ఆలస్యంగా వెలిగింది. ఏమీ జరగలేదని చెప్పడానికైనా ఇన్ని ఊళ్ల నుంచి ఎవరో ఒకరు తనతో మాట్లాడే ఏర్పాటు ఆయన చేసుకున్నారు. అది తెలిశాక, ఆయనను ఏమీ అడగకపోయినా రోజూ ఫోన్ చేయడం మొదలుపెట్టాను. ఆయన కోసమే అని చెప్పలేను. పొద్దున లేచి ఒక మాట చెప్పుకోవడానికి నాకూ ఇంకెవరూ లేరు.

మీ తర్వాత ఇదంతా ఏమవుతుందని ఒకసారి అడిగాను. "గా పెద్ద కంప్యూటర్‌ను వాళ్లు మారుస్తుంటరు, దాని అలవాట్లు గూడ మారుతయ్. తెల్లారి కబుర్లు ఆగినయంటే మన దిద్దుబాటు పాసిపోతది" అన్నారు. ఎవరు చూడాలో మాత్రం చెప్పలేదు.

నేను వెళ్లేసరికి సార్‌ను ముందు గదిలో చాప మీద పడుకోబెట్టారు. దూరపు చుట్టాలు ఇంకా రాలేదు. సార్ ఫోన్ మోగుతూనే ఉంది. నిన్న సాయంత్రం అంచనా అడిగినవాళ్లంతా మాట ప్రకారం చేస్తున్నారు. "నాకు నోరొస్తలేదు, నువ్వెత్తు బిడ్డా" అని పక్కింటి అక్క దాన్ని నా చేతిలో పెట్టింది.

"సారూ, ఏం పడలె" అంది ఇందల్వాయి అవ్వ.

"అవ్వా, సార్ పోయిండు."

నాకు ఏడుపు ఆగలేదు. అది సద్దుమణిగేదాకా ఉండి ఆమె, "మరి రేపట్సంది ఎవలకు జెప్పాలె?" అని అడిగింది.

"నాకు" అన్నాను. అవ్వ ఫోన్ పెట్టెయ్యలేదు. అవతల కల్లంలో ఎవరో పసుపు కొమ్ములను ఎండలోకి నెరిపి పరుస్తున్నారు. ఆ గలగల వింటూ సార్ పక్కన కూర్చున్నాను.