పిలవని హోటలాయన

ఇరాక్ సైన్యం ఈ గల్ఫు దేశంలోకి వచ్చినప్పుడు ఏం కష్టాలు పడ్డావని ఫర్వానియాలో మనవాళ్ళు అడుగుతారు. సైప్రస్‌లో సెలవులు గడిపానని చెప్తాను.

నేను వంట చేసే రుమైథియా పేట ఇంటివాళ్ళు వేసవికి నన్నూ అక్కడికి తీసుకెళ్ళారు. ఇంతలో సైన్యం వచ్చి వెనక్కి దారి మూసుకుపోయి, ఆ సెలవు చలికాలం దాకా సాగింది. చేతిలో డబ్బు సన్నగిల్లాక చవక హోటల్ చూడమంది మేం మామా అని పిలిచే యజమానురాలు. కడప బజారులో గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ణి, బేరం నాకొదలమన్నాను.

సముద్రం ఒడ్డున ఒక్క హోటలే తెరిచి ఉంది. సగం అద్దెకడిగితే యజమాని తల అడ్డంగా ఊపాడు. మెట్లు దిగితే ఏ అంగడివాడైనా వెనక్కి పిలుస్తాడు కదా అని, పిల్లలతో సహా అందర్నీ వానలోకి నడిపించాను.

"ఇంగా పిలుస్చాడంటావా అన్నా?" అంది మాతో వచ్చిన రాయచోటి ఆయా, కొంగు పిండుకుంటూ.

"తిరిగి చూడగాకు. చూస్తే రేటు పెంచుతాడు."

"రేటు పెంచేదేంది, దీపాలార్పుతాండాడు."

గిరాకీ లేని కాలంలో అతనికి మూసుకోవడమే లాభమని నాకప్పుడు తెలిసింది.

"దేశమే పోయింది, నీ బేరం పోతే ఏం?" అంటూ మామా వెళ్ళి తలుపు తట్టి, చెప్పిన అద్దెకే ఒప్పుకుంది. పెట్టెలు మోస్తూ వెనకే వెళ్ళాను. దుప్పట్లు అద్దెలోనే కలిసి ఉన్నాయా అని మాత్రం అడక్కుండా ఉండలేకపోయాను.