బొగ్గులో వచ్చిన ఆకు

లింగసుగూరు నుంచి రాయచూరు వెళ్లే బస్సులో పక్క సీటాయన టిఫిన్ డబ్బా తెరిచి నా ముందు పెట్టాడు. రొట్టెలేమో, వద్దందామనుకున్నాను. లోపల తువ్వాలులో చుట్టిన బూడిదరంగు రాతి పలక, దాని మీద ఈనెలతో సహా పొడవాటి ఆకు అచ్చు. శిలాజమని నాబోటివాడికే తెలుస్తోంది.

ఆయనది మంచిర్యాల. రాయచూరు థర్మల్ స్టేషన్‌లో బొగ్గు దించే చోట పని. బొగ్గులో రాళ్లు ఏరుతుంటే దొరికిందట.

"ఇది ఏ చెట్టు ఆకో చెప్పమని కాలేజీల ప్రొఫెసర్ తానకి వోయిన సార్. రాయచూర్ల గిసుంటియి దొరకయి, చెక్కించుకొచ్చినవ్ అన్నడు. బొగ్గు మా దిక్కు గనుల నుంచి వస్తదంటే ఇననే ఇనలే."

నాకు ఒళ్లు మండింది. రాళ్ల చదువు చదివి జీతం తీసుకునే మనిషి, ఆ బొగ్గు ఎక్కడిదని ఒక్క మాట అడగలేడా?

"రాయి రెండుగ పగిలితే రెండిట్ల ఇదే ఆకు. రాయి కడుపుల ఎవడన్న చెక్కుతడా సార్?"

"రెండో ముక్కేదీ?"

"ఆయన బల్ల మీదుంది. కాయితాలు ఎగరకుంట పెట్టుకున్నడు. అడిగితే, నకిలీది నీకెందుకు, పో అన్నడు."

డబ్బా మూత గట్టిగా నొక్కి నా వైపు తిరిగాడు.

"మరి ఆయనకెందుకు సార్?"