సత్యవతి పిన్ని తెరిచి ఉంచిన మడత

జీడిపప్పు వేయిస్తున్న కమ్మటి వాసన కిటికీలోంచి వస్తే చాలు, కీబోర్డు మీద నా వేళ్ళకు హుషారు పుడుతుంది. అలాంటి వాసన నిండిన కాశీబుగ్గ సందులో, మా పక్కింటి సత్యవతి పిన్ని నడిపిన చిన్న నెట్ సెంటర్‌లోనే నేను వెబ్ పేజీలు కట్టడం నేర్చుకున్నాను. బడి మొహం చూడని నాకు ఇంట్లో అమ్మ అక్షరాలు దిద్దించింది. మిగతా విద్య పిన్ని చేతుల మీదుగా భగవంతుడు ఇచ్చాడనే నా నమ్మకం.

మా ఉద్దానం పల్లెల్లో చాలామందిలాగే పిన్ని భర్త, మా బాబాయి కూడా కిడ్నీ జబ్బుతోనే పోయారు. అందుకే కొత్తగా డయాలసిస్ మొదలైన ఉద్దానం వాళ్ళ కోసం ఒక పేజీ ఉండాలని పిన్ని పట్టు. తెలిసిన నర్సమ్మ చెప్పిన జాగ్రత్తలన్నీ నేను ఒకదాని కింద ఒకటి ఎక్కించాను. పిన్ని ఫోనులో వేలితో తోసీ తోసీ విసిగిపోయింది.

"ఏటే అమ్మీ ఇది, ఇచ్ఛాపురం దాకా పోతాదేటి?"

పక్కన కూర్చుని, ఒక్కో విషయాన్నీ డీటెయిల్స్ అనే ట్యాగు గుర్తుల మధ్య పెట్టించి, దాని పేరును సమ్మరీ అనే ట్యాగులో రాయించింది. పేరు మీద నొక్కగానే కింద సమాచారమంతా విచ్చుకుంది. మళ్ళీ నొక్కితే ముడుచుకుంది. "ఓలమ్మో!" అని నేను వేసిన కేకకు సందులో వాళ్ళు తొంగిచూశారు. ఆ సంబరంలో అన్నీ మడిచేశాను. అంత పొడుగు పేజీ అరచేతిలో ఇమిడిపోయింది.

మర్నాడు అక్కుపల్లి నుంచి ఒకావిడ ఆసుపత్రి కాయితాలు జెరాక్సు తీయించుకోవడానికి వచ్చింది. భర్తకు ఈమధ్యే డయాలసిస్ మొదలైందట. చేతిలో సంచి నిండా కొబ్బరి బొండాలు.

"మావ నీరసపడిపోనాడమ్మా. రోజూ ఇవి పట్టిత్తే బలమొత్తాది కదా" అంది ఆశగా.

పిన్ని ముఖం మారిపోయింది. నర్సమ్మ మరీ మరీ చెప్పి రాయించిన విషయమే అది. "ముందిది సూడప్పా" అని అక్కను పిలిచినట్టు పిలిచి ఫోను చేతికిచ్చింది. ఆవిడ పేర్లన్నీ చదివింది. 'కొబ్బరినీళ్ళు' అన్న దగ్గర వేలు ఆగింది గానీ తాకలేదు. ఫోను తిరిగి ఇచ్చేసింది.

"నొక్కలేదేం?" అన్నాను.

"మూసున్నాది కదమ్మా. ఒకరింట్లో మూతెట్టింది మనం తీత్తామేటి?"

నాకు నవ్వొచ్చింది. పిన్ని మాత్రం నవ్వలేదు. "నవ్వుతావేటే? గుమ్మం మూసేసి సుట్టాల్ని రమ్మంతన్నాం మనం" అని, కొబ్బరినీళ్ళ మడతను అన్నిటికన్నా పైకి తెచ్చి, ఆ ట్యాగులో ఓపెన్ అన్న ఒక్క మాట చేర్చింది. 'మిగతావీ మీకోసమే, నొక్కి చూడండి' అని కింద నాచేత రాయించింది.

ఈసారి పేజీ తెరవగానే ఆ మడత విప్పారే ఉంది. డాక్టరు ఒప్పుకుంటే తప్ప కొబ్బరినీళ్ళు వద్దని, వాటిలోని పొటాషియం ఒంట్లో పేరుకుంటే గుండెకే ప్రమాదమని ఆవిడ కూడబలుక్కుని చదివింది. సంచి మెల్లగా కింద పెట్టేసింది.

"సాయంత్రం పట్టిద్దామనుకున్నాను. ఆ అమ్మోరు తల్లే నన్నిక్కడికి తోలింది."

కాసేపటికి తనంతట తానే 'దాహమేస్తే ఏం చేయాలి?' అన్నదాన్ని నొక్కింది. "ఇదీ తెరుసుకుంతాదే!" అంటూ వరసగా ఒక్కొక్కటీ తెరుస్తుంటే నా ఒళ్ళు పులకరించింది. బొండాలు మేమే తాగాలని ఒట్టు పెట్టి మరీ వెళ్ళింది.

ఇప్పుడు పిన్ని టెక్కలిలో ఉంటోంది. నేను ఎన్ని పేజీలు కట్టినా ప్రాణం మీదికొచ్చే మాటను మూసి ఉంచను. బయటికి వదిలే ముందు దేవుడికి దణ్ణం పెట్టుకుని, ఎవరో ఒక కొత్త మనిషి చేతికి ఫోనిచ్చి, నోరు మెదపకుండా ఆ వేలినే చూస్తూ కూర్చుంటాను. వేలు జంకిందంటే నా పేజీ ఇంకా పూర్తి కాలేదన్నమాట.