పొట్టి పిడి పార మీద నా ఉపన్యాసం

ఆ శుక్రవారం పొద్దున నేనొక తప్పు చేశాను. అరబ్బు దేశంలో, అల్ నహ్దాలో నేను సూపర్‌వైజర్‌గా ఉన్న సూపర్‌మార్కెట్‌లో క్యాష్ కౌంటర్ల వెనకున్న మూడు స్టూళ్ళనూ గోడౌన్‌లో పడేయించాను. ముదీర్, అంటే మా మేనేజరు, అడగలేదు, కస్టమర్లూ అడగలేదు. కూర్చుంటే బద్ధకంగా కనిపిస్తారని నాకే తోచింది. మధ్యాహ్నానికి కోనసీమ నుంచి వచ్చిన మా పెద్ద క్యాషియరమ్మ కాళ్ళు వాచి, నీళ్ళ బాటిళ్ళ కేసు మీద కూర్చుంది. వార్నింగ్ లెటర్ రాసి సంతకం పెట్టించుకున్నాను. వచ్చే నెల ఆమె వీసా రెన్యువల్. ఫైల్లో వార్నింగ్ ఉన్నవాళ్ళని ముదీర్ ఇంటికి పంపేస్తాడని నాకు తెలుసు.

సాయంత్రం ఏడింటికి నేను అభ్యుదయవాదిని. తెలుగు మిత్రుల ఆన్‌లైన్ సమావేశంలో అమెరికా ఉద్యమాల మీద నెలకో ఉపన్యాసం నాది. నల్లవాళ్ళ హక్కులు, స్త్రీల ఉద్యమం, యుద్ధ వ్యతిరేకత అన్నీ అయ్యాయి. ఏ నెలా గొంతు పూడుకుపోకుండా ముగించలేదు. అమెరికా యజమానులంటే నాకు ఒళ్ళు మంట. అంత దూరపు కోపానికి, నా వీసా చేతిలో పెట్టుకున్న అరబ్బు యజమాని, కఫీల్, అడ్డు రాడు. లింకు మా షాపు స్టాఫ్ గ్రూపులో కూడా పెట్టేవాణ్ణి. నేనెంత చదివానో వాళ్ళకి తెలియాలిగా.

ఆ రోజు అంశం డెబ్బైల నాటి కాలిఫోర్నియా పొలం కూలీల పోరాటం. వాళ్ళకి మూరెడు పిడి పారలిచ్చి పొద్దస్తమానం నడుం వంచి పని చేయించేవారని చెప్పాను. ఎవరైనా నడుం ఎత్తితే మేస్త్రీకి దూరం నుంచే కనపడాలట. చివరికి ఆ పారను నిషేధించారని చెప్పి, మెచ్చుకోళ్ళ కోసం ఆగాను.

మా క్యాషియరమ్మ మైక్ తెరిచింది.

"సార్, ఒకటడుగుతానండి. పొడుగు పిడి ఇచ్చాక పంటేవన్నా తగ్గిందాండి?"

"లేదమ్మా. తగ్గుతుందని యజమానులు భయపెట్టారంతే."

"మరెందుకండి వంచడం?"

"పని చేస్తున్నట్టు కనపడాలని."

"అంతేనాండి. మమ్మల్ని నిలబెట్టిందీ అందుకేనేమో అనుకుంటన్నానండి. కాళ్ళు వేణ్ణీళ్ళ బకెట్లో పెట్టుకుని వింటన్నాను. బానే చెప్పారండి."

కరీంనగర్ మిత్రుడొకాయన నవ్వాపుకోలేకపోయాడు. "అన్నా, వచ్చే నెల మీ దుకాణం మీదనే చెప్పు."

నెట్ సరిగా లేదని అబద్ధం చెప్పి తప్పుకున్నాను. ఉద్యమాల చరిత్రలో నా పాత్ర అంతవరకే. తర్వాత ఆ మేస్త్రీకీ నాకూ తేడా ఏమైనా ఉందా అని వెతికితే ఒక్కటే దొరికింది: అతను తన కూలీలకి ఉపన్యాసాలివ్వలేదు.

మర్నాడు షాపు తెరవకముందే స్టూళ్ళు తెచ్చి వేశాను. మిగతా ఇద్దరు క్యాషియర్ల ముందే ఆమెను క్షమించమని అడిగాను.

"స్టూలుకి థ్యాంక్సండి," అంది ఆమె. "మరి ఆ లెటరో?"

తేలికైన సగం చేసి, కష్టమైన సగం మర్చిపోదామనుకున్నాను. ఆమె మర్చిపోనివ్వలేదు. ముదీర్ గదికి వెళ్ళి, స్టూళ్ళు తీయించింది నేనేనని, తప్పు ఆమెది కాదని చెప్పాను.

"లిఖ్ కే దో," అన్నాడాయన, తలెత్తకుండా.

రాసిచ్చాను. ఆమె మీది వార్నింగ్ లెటర్ చించేసి, నేను రాసిచ్చింది నా ఫైల్లో పెట్టాడు.