మామ చూసి తీసిన కంప్యూటర్

ఆ రోజుల్లో మా కోరుట్లలో ఎవరింటికైనా కంప్యూటర్ వచ్చిందంటే, చూడటానికి వచ్చినవాళ్లు చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చేవారు. (నమ్మండి, మా ఎదురింటి పెద్దమ్మ అయితే తలమీద కొంగు కూడా కప్పుకుంది.) నేనేమైనా తక్కువ తిన్నానా? డిగ్రీ చదివి, జగిత్యాలలో తెలుగు టైపింగ్ నేర్చుకుని, అక్కడే ఒక డీటీపీ సెంటర్‌లో పనికి కుదిరాక కూడా రోజూ పొద్దున కీబోర్డును కళ్లకద్దుకుని గానీ కుర్చీలో కూర్చునేదాన్ని కాదు. ఒక మీట నొక్కితే తెర మీద ‘అ’ వచ్చి నిలబడటం ఎన్నిసార్లు చూసినా నాకు వింతే. ఆ ‘అ’ అప్పటిదాకా ఎక్కడుండేదో, నొక్కగానే ఎట్లా తెలిసి వచ్చేదో అని బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆలోచించేదాన్ని.

ఆ బస్సే నా కొంప ముంచింది. సాయంత్రం బస్సు తప్పి మూడుసార్లు ఇంటికి ఆలస్యంగా చేరాను. మూడోసారి బాపు కోప్పడలేదు. అందుకే భయమేసింది. “వచ్చే నెల సంది జగిత్యాల బంద్. ఇంట్ల కూసోని చేసే పనుంటె చెయ్యి, లేకుంటె మీ అమ్మ పక్కన చాట ముందటేస్కో” అన్నాడు. చాట అంటే బీడీలు చుట్టే చాట. అమ్మ వేళ్ల చురుకు నాకు తెలుసు. నా వేళ్లూ అంతే చురుకైనవి, కానీ వాటిని తునికాకుకు అప్పజెప్పాలంటే ఏడుపొచ్చింది. సెంటర్ సారుకు మొరపెట్టుకుంటే, “ఇంట్ల కంప్యూటర్ పెట్టుకో అమ్మా. ఒక పుస్తకం ఇస్త, సోమవారం పొద్దుగాల తప్పుల్లేకుంట తెచ్చిస్తె, ఇగ ఇంటికే పని పంపుత” అన్నారు. బతుకంతా ఆ సోమవారం మీద వేలాడింది.

మా ఇంట్లో మోటారున్న వస్తువేది కొనాలన్నా సిరిసిల్ల మేనమామ దిగాల్సిందే. ఆయన అక్కడ సాంచాలు నడిపేవాడు (మరమగ్గాలను సిరిసిల్లలో అట్లాగే అంటారు). ఫ్యానైనా, మిక్సీ అయినా, బావి మోటారైనా, తిప్పించి, దానిమీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని నిలబడేవాడు. ఆ తర్వాత “నడుస్తది” అనో “నడువది” అనో తేల్చేవాడు. దానిమీద అప్పీలు లేదు. “సప్పుడు పట్టుడంటె ఆయనే పట్టాలె, ఏం చెవులురా అవి!” అని బాపు పదిమందిలో పొగిడేవాడు. కంప్యూటర్‌ను అట్లా చూడరని, ప్రాసెసర్, ర్యామ్ చూడాలని మామకు చెప్పబోయాను. “కరెంటుతోటి నడిచేదేనా కాదా బిడ్డా?” అని గట్టిగా అడిగాడు. (మామ ఏదైనా గట్టిగానే అడుగుతాడు. సాంచాల మధ్య బతికేవాళ్ల గొంతు అంతేలే అనుకునేవాళ్లం.) కరెంటుతో నడిచేదే. నేను నోరు మూసుకున్నాను.

జగిత్యాలలో ఒకాయన ఇంటర్నెట్ సెంటర్ ఎత్తేస్తూ మిగిలిన మూడు కంప్యూటర్లు అమ్మకానికి పెట్టాడు. “ఏదన్న తీస్కోండ్రి, అన్నిటికి ఒకటే రేటు. నాకు రూము ఖాళీ అయితె చాలు” అన్నాడు. నా గుండె ఆగినంత పనైంది, ఎందుకంటే ఆ మూడింట్లో ఒకటి పెంటియం ఫోర్! ఒక్కొక్కటీ ఆన్ చేసి తెర తేరుకునేదాకా మనసులో అంకెలు లెక్కపెట్టాను. పెంటియం టూ తేరుకునేలోపు మామ చాయ్ తాగి, గ్లాసు హోటల్లో ఇచ్చి వచ్చాడు. పెంటియం త్రీకి తొంభై దాటాను. పెంటియం ఫోర్‌కు ఇంకా లెక్క అందుకున్నానో లేదో, పచ్చని గుట్టా, నీలాకాశం కళ్లముందు పరుచుకున్నాయి. దేవుడు ప్రత్యక్షమైతే ఇట్లాగే ఉంటుందేమో అనిపించింది. మామ దానిమీద చెయ్యి ఆనించాడు, కళ్లు మూశాడు, పెదవి విరిచాడు.

“దీంట్ల పానం లేదు” అన్నాడు. తర్వాత పెంటియం త్రీ మీద చెయ్యి పెట్టాడు. అది ఫ్యాను అరుపుతో, టేబులుతో సహా దడదడలాడుతోంది. మామ మొహం వెలిగిపోయింది. “గిది! గిది నడుస్తది సూడు, జోడు సాంచాల లెక్క!”

“మామా, గా పెంటియం ఫోర్ మస్తు స్పీడున్నది...” అన్నాను. అమ్మే ఆయన నవ్వు దాచుకోవడానికి అటు తిరిగాడు. నాకు తల కొట్టేసినట్టయింది. అయినా మామ మాట కాదనే ధైర్యం నాకేది? పెంటియం త్రీని దుప్పట్లో చుట్టుకుని, మానిటర్‌ను ఒళ్లో పెట్టుకుని, బస్సులో కోరుట్ల దాకా కళ్లు తుడుచుకుంటూ వచ్చాను. మామ మాత్రం పక్క సీటువాళ్లందరికీ “మా బిడ్డది, కంప్యూటర్” అని చాటుతూనే ఉన్నాడు.

ఆ వారమంతా ఆ పెట్టెతో కుస్తీ పట్టాను. ఒక పేజీ కిందికి జరపమంటే అది ఆలోచించుకుని, నిట్టూర్చి, అప్పుడు జరిపేది. సారు అడిగితే తప్పంతా మామదేనని ఎట్లా చెప్పాలో మాటలు కూడా కూర్చి పెట్టుకున్నాను. ఆదివారం మధ్యాహ్నానికి ఆఖరి పేజీలకొచ్చాను. అప్పుడే తను తీసిన మిషను ఎట్లుందో చూద్దామని మామ సిరిసిల్ల నుంచి దిగాడు. నా వెనక నిలబడి, పెట్టె మీద చెయ్యి ఆనించాడు.

“బిడ్డా, బంద్ చెయ్యకు. లోపల ఏదో తాకుతున్నది. ఇప్పుడు ఆగితె మల్ల లేవదు. రాసిందంత తీసి పక్కకు పెట్టు.”

“అది ఫ్యాన్ సప్పుడు మామా, మొదటి దినం సంది గట్లనే మొత్తుకుంటున్నది” అన్నాను, తెర మీంచి కళ్లు తిప్పకుండానే. జవాబు లేదు. మళ్లీ అన్నాను. ఊహూఁ. తిరిగి చూస్తే కళ్లు మూసుకునే ఉన్నాడు. భుజం తట్టాను.

“ఏమన్నవ్?” అని, నా మొహం చూసి, నెమ్మదిగా నవ్వాడు. “సప్పుడు నాకేడ ఇనొస్తది బిడ్డా! సాంచాలల్ల పడి చెవులు పోయి ఎన్నేండ్లాయె. ఎదురుంగ నిలవడితె పెదవులు సూసి మాట్లాడుత. మీ అత్తకు తప్ప ఎవలకు ఎరుక లేదు. అన్నిటికి గీ చెయ్యే.”

ఇంటిల్లిపాదీ మొక్కిన ఆ చెవులు ఎప్పుడో పోయాయి! పాపం, ఆ పెంటియం ఫోర్ ఆయన అరచేతి కింద వణకలేదు. వణకనిది నడవదని ఆయన లెక్క. నవ్వాలో ఏడవాలో తెలియక, మిగిలిన పేజీలు గబగబా కొట్టి, ఉన్న ఫ్లాపీలన్నీ తీసి పుస్తకం మొత్తం ఎక్కించాను. మామ తల ఊపాక ఆఫ్ చేశాను. మళ్లీ ఆన్ చేస్తే టిక్కు టిక్కుమని, నల్లటి తెర. ఇక అది లేవలేదు. వారమంతా దాని ముందు కూర్చున్న నాకు అంతుపట్టనిది, ఎప్పుడో సాంచాల్లో పడి నడి వేలి కొస తెగిన ఆ చేతికి క్షణంలో తెలిసింది.

సోమవారం పొద్దున సారు ఫ్లాపీలు తెరిచి, పేజీలన్నీ చూసి, ఇంకో కాగితాల కట్ట నా చేతిలో పెట్టారు. కంప్యూటర్ లేవడం లేదని చెబితే, పాత హార్డ్ డిస్క్ ఒకటి ఉంది, మనిషిని పంపి బిగించి ఇస్తానన్నారు. బీడీల చాట తప్పింది. అప్పుడడిగారు, “ఆ నెట్ సెంటర్ల అదే రేటుకు పెంటియం ఫోర్ ఉండె గదమ్మా, ఇది ఎవలు సూసి తీసిన్రు?”

వారం రోజులుగా కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు.

“మా మామ సార్. మంచిగ సూసిండు” అన్నాను.

సారు నన్ను ఎగాదిగా చూశారు. ఇప్పుడు తలచుకుంటే, చేతికందిన పెంటియం ఫోర్‌ను వదిలేసి బస్సులో ముక్కు చీదుకుంటూ వచ్చిన ఆ పిల్లను చూసి నాకే నవ్వొస్తుంది. కానీ సారు ముందు తల ఎత్తి ఆ ఒక్క జవాబు చెప్పిందే, అందుకని మిగతా తెలివితక్కువతనమంతా మన్నించేశాను.