ఎండు కొబ్బరి పక్కన సీడీలు

రాజోలులో మా పక్కింటి ఎలీషాగారు కంప్యూటర్లు బాగుచేసేవారు. అప్పటికి మా వైపు ఇళ్ళకి నెట్ రాలేదు. ఆయన అప్పుడప్పుడూ బస్సులో అమలాపురం నెట్ సెంటరుకి వెళ్ళి, కంప్యూటరుని నడిపే లినక్స్‌కి కావలసిన సాఫ్ట్‌వేరు ప్యాకేజీలు సీడీల్లో నింపుకొని వచ్చేవారు. ఒక ప్యాకేజీ ఎక్కించాలంటే అది తోడుగా మరొకదాన్ని అడుగుతుంది, అది ఇంకొకదాన్ని.

“పెళ్ళి పిలుపులాంటిదమ్మా ఇది. కోడల్ని పిలిచి అత్తగారిని మర్చిపోయేవనుకో, ఇద్దరూ రారు,” అనేవారు నాతో.

ఎవరి కంప్యూటరు సిద్ధం చేసినా, ఆ ప్యాకేజీలన్నిటి కాపీలూ అందులోనే ఒక ఫోల్డరులో వదిలి వచ్చేవారు. మళ్ళీ అవసరమైతే సీడీలు మోసుకెళ్ళక్కర్లేదని. అంబాజీపేట కొబ్బరి వ్యాపారి బాపిరాజుగారు ఒకసారి, “మా కంప్యూటరేమన్నా మీ అటకా అండీ?” అని వేళాకోళం చేశారట. “అద్దె మాత్రం అడక్కండి,” అన్నారట ఈయన.

మా వీధిలోనే కనకరత్నం మాస్టారు ఉండేవారు. ఆయనకి అక్షరాలు ఆనడం మానేశాయి. నేను తెలుగు పాఠం టైపు చేసి పెడితే, ఎలీషాగారు అమర్చిన కంప్యూటరు దాన్ని పైకి చదివేది. మాస్టారు విని, గుర్తు పెట్టుకుని బడిలో చెప్పేవారు. అది కూడా లేని రోజున రాజీనామా ఇచ్చేస్తానని ఒకసారి అన్నారు.

2009 దసరా సెలవుల్లో ఆ కంప్యూటరు హార్డ్ డిస్కు పోయింది. ఎలీషాగారు కొత్తది బిగించి, సంచీలో ఉన్న అసలు సీడీతో లినక్స్ ఎక్కించారు. తెలుగు చదివే గొంతు అందులో లేదు. దానికోసం ఇంటికొచ్చి చూస్తే సీడీల అర ఖాళీగా ఉంది.

ఆయన భార్య సూరమ్మగారు డాబా మీంచి పళ్ళెం దించుకొచ్చారు.

“ముసురుకి బూజు పట్టేయండీ. కడిగి, కొబ్బరితోపాటు ఎండబెట్టేను. రోజూ రెండోవైపు తిప్పేను కూడాను.”

ఎలీషాగారు ఒక్కొక్కటే పెట్టి చూశారు. కొన్ని వంగిపోయాయి. మిగతావి తిరుగుతున్నాయి గాని ఏమీ చూపించడం లేదు.

“పాడైపోయేయా?”

“కాస్త ఎండ ఎక్కువైంది, అంతే.”

“మళ్ళీ తెచ్చుకోవచ్చు కదండీ?”

“వానలకి అమలాపురంలో లైను తెగిందంట. బళ్ళు తెరిచేలోపు బాగవదు.”

సూరమ్మగారు ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాడు పొద్దున్న, పిట్టగోడకి ఇవతల నాకు వినబడేలా అడిగారు.

“ఊరందరి కంప్యూటర్లలోనూ వదిలొచ్చేరు కదా. ఒక్కళ్ళ దగ్గరన్నా ఉండవా?”

ఎలీషాగారు స్కూటరు తాళం తీశారు.

“నువ్వూ రా. దారిలో తిడతాను.”

తిట్టలేదని తర్వాత ఆవిడే చెప్పారు. బాపిరాజుగారి కంప్యూటరులో ఫోల్డరు ఉన్నది ఉన్నట్టుగా ఉందట.

“తీసేద్దామనే అనుకున్నానండీ,” అన్నారట ఆయన. “తీయడం రాక ఉంచేను.”

సాయంత్రం మాస్టారింట్లో ఎలీషాగారు తెలుగు గొంతునీ, దాని అత్తగార్లనీ వరసగా ఎక్కించారు. నేను పాఠంలో మొదటి వాక్యం కొట్టాను. స్పీకరు గరగరలాడి, ఎప్పటిలాగే ముక్కుతో చదవడం మొదలుపెట్టింది. మాస్టారు కుర్చీ ముందుకి జరుపుకున్నారు. సూరమ్మగారు లోపలికి రాకుండా గుమ్మం బయటే నిలబడి వింటున్నారు.

“ఎవరది, సూరమ్మా? కొబ్బరి ఎండిందా?” అన్నారు మాస్టారు.

“ఆయ్, ఎండిందండి. పచ్చడి చేసి తెస్తానండి.”

“తీసుకురా. సీడీలు మాత్రం కలపకు.”

సూరమ్మగారు పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని, నవ్వుతూ లోపలికి వచ్చి కూర్చున్నారు.

“అమ్మాయీ,” అన్నారు మాస్టారు నాతో, “రెండో పేరా పెట్టు.”